గుమాస్తాగారి అబ్బాయి: విట్టోరియో డి సికా

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. గాంధీగారిని గురించి, ప్రకాశం పంతులుగారిని గురించి, విశ్వేశ్వరయ్యగారిని గురించి మన సభ్యులు లోగడ ఎంతో చక్కగా రాసి ఉన్నారు. నేను కాస్త దూరం వెళ్ళి, ఇటలీ దేశపు సినిమా దర్శకుడొకరిని గురించి రాస్తానన్నాను. మన పెన్షనర్లకూ ఇటలీ సినిమాకూ ఏమిటండీ సంబంధం అన్నారు కార్యదర్శిగారు. సంబంధం ఉంది. నెలకు పద్దెనిమిది వేల లీరాల పెన్షను మీద బతికే ఒక రిటైర్డు గవర్నమెంటు ఉద్యోగిని కథానాయకుడిగా పెట్టి, ఆయన ఇంటద్దె బాకీనే కథగా చేసుకుని, 1952లో ఒక పూర్తి నిడివి సినిమాను విడుదల చేసిన మనిషి ఈయన. అందుకు ఆయన చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. చదువరులు కాస్త ఓపికగా చదవమని మనవి.

విట్టోరియో డి సికా 1901 జూలై 7న, రోముకూ నేపుల్సుకూ మధ్యనున్న సోరా అనే చిన్న పట్నంలో పుట్టారు. తండ్రి పేరు ఉంబెర్టో. బ్యాంకులో గుమాస్తా. తల్లి తెరేసా, నేపుల్సు ఆడపడుచు. ఆ కుటుంబం మొదట నేపుల్సుకు, తర్వాత ఫ్లోరెన్సుకు, చివరకు రోముకు మారింది. గుమాస్తా సంసారం ఎలా ఉంటుందో మన పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. పైకి ఉతికిన చొక్కా, లోపల నెలాఖరు లెక్క. తమది పేదరికమేనని, అయితే దర్జా విడవని పేదరికమని డి సికా పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు. ఆ తండ్రికి పాటలన్నా నాటకాలన్నా ప్రాణం. సాధారణంగా తండ్రులు కొడుకులను నాటకాల నుంచి లాక్కొచ్చి ఉద్యోగాల్లో కూర్చోబెడతారు. ఇక్కడ అది తిరగబడింది. కొడుకు రోములో అకౌంటెన్సీ చదివి డిప్లొమా పుచ్చుకుంటే, తండ్రి నటనవైపు ప్రోత్సహించాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ కుర్రవాడు ఆసుపత్రుల్లో గాయపడిన సైనికుల ముందు పాటలు పాడేవాడు. 1917లో ఒక మూకీ చిత్రంలో చిన్న వేషం కూడా దొరికింది.

1923లో తత్యానా పావ్లోవా అనే రష్యన్ నటి నడుపుతున్న నాటక కంపెనీలో చేరారు. పొడుగ్గా, అందంగా ఉండేవారు, గొంతు బాగుండేది, హాస్యం బాగా పండించేవారు. 1932లో మారియో కమెరీని దర్శకత్వంలో వచ్చిన ఒక సరదా చిత్రంలో యజమాని కారును తనదిగా చెప్పుకుని ఒక అమ్మాయిని మెప్పించబోయే మెకానిక్కు వేషం వేశారు. అందులో ఆయన పాడిన మరియూ పాట దేశమంతా మారుమోగింది. ఆ దెబ్బతో ఆయన ఇటలీ ఆడపిల్లలందరికీ ఇష్టమైన హీరో అయిపోయారు. నటి జుదిత్తా రిస్సోనేతోనూ, సెర్జో తోఫానోతోనూ కలిసి 1933లో సొంత నాటక సంస్థ పెట్టారు. 1937లో జుదిత్తాను వివాహమాడారు. 1938లో ఎమీ అనే కుమార్తె పుట్టింది. ఆ దశాబ్దంలో ఆయన చేసినవన్నీ చాలావరకు పైపై కథలే. ముస్సోలినీ ప్రభుత్వం కింద ఇటలీ సినిమాలో పేదవాడు కనబడటం అరుదు. సోఫాలు, తెల్ల టెలిఫోన్లు ఉన్న ఇళ్ళల్లోనే కథలు నడిచేవి. ఆ తరహా సినిమాలకు తెల్ల టెలిఫోన్ల సినిమాలు అని పేరే వచ్చింది.

ఆయన దర్శకత్వం వహించటం 1940లో మొదలైంది. మొదటి మూడు నాలుగు చిత్రాలను గురించి నేను పెద్దగా చెప్పబోవటం లేదు. తేలికపాటి హాస్య చిత్రాలు. అసలు మలుపు చేజారే జవనాటిని కలవటం. ఈయన పో నది ఒడ్డున లుజ్జారా అనే ఊరివాడు, పత్రికల్లో రాసేవాడు. 1935లో ఈయన కథతో వచ్చిన ఒక చిత్రంలో డి సికా నటించారు. తర్వాత ఇద్దరూ కలిసి 1943లో ఒక సినిమాకు పని చేశారు. తల్లి ఇల్లు విడిచి ప్రియుడితో వెళ్ళిపోవటం, తండ్రి కుంగిపోవటం ఒక నాలుగైదేళ్ళ పసివాడి కళ్ళతో చూపిన సినిమా అది. పిల్లలు మనల్ని చూస్తున్నారు అని దాని పేరుకు అర్థం. పిల్లల చేత నటింపజేయటంలో డి సికాకు సాటి ఎవరూ లేరని అప్పుడే తేలిపోయింది. తానే మంచి నటుడు గనుక, ప్రతి చూపూ ప్రతి అడుగూ ముందు తాను చేసి చూపించి, తర్వాత వారి చేత చేయించేవారట.

ఆ వెంటనే వచ్చిన 1943 శీతాకాలం రోము నగరానికి గడ్డుకాలం. ముస్సోలినీ పదవి పోయింది, జర్మన్ సైన్యం నగరాన్ని ఆక్రమించింది. ఫాసిస్టులు సినిమా పరిశ్రమను వెనిస్‌కు తరలించి, పేరున్నవాళ్ళనందరినీ అక్కడికి రమ్మన్నారు. డి సికా వెళ్ళలేదు. వాటికన్‌కు సంబంధించిన ఒక సంస్థ కోసం భక్తి చిత్రం తీస్తున్నానని సాకు చెప్పారు. వ్యాధిగ్రస్తులైన యాత్రికులను లొరెతో పుణ్యక్షేత్రానికి తీసుకువెళ్ళే రైలు కథ అది. సెయింట్ పాల్ బసిలికాలో షూటింగు. అక్కడ ఎక్స్‌ట్రాలుగా చేరినవారిలో చాలామంది జర్మన్ల కంటపడకుండా దాక్కోవలసిన యూదులు, ఇతరులు. షూటింగు ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు ఒక కాగితం, ఒక నీడ, ఇంత తిండి ఉంటాయి. అందుకని మిత్రరాజ్యాల సైన్యం వచ్చేదాకా, అంటే 1944 జూన్ దాకా, ఆయన షూటింగు సాగదీస్తూనే ఉన్నారు. ఆఫీసుల్లో ఫైలు నానబెట్టటాన్ని మనం చాలా చూశాం గాని, ప్రాణాలు కాపాడటానికి నానబెట్టిన ఫైలు ఇదొక్కటే నాకు తెలిసింది. ఆ సినిమాను ఈనాడు చూసేవారు తక్కువ. నా మటుకు నాకు ఆయన జీవితంలో ఇది చాలా పెద్ద పని.

యుద్ధం ముగిసింది. అమెరికన్ సైనికుల బూట్లు పాలిష్ చేస్తూ రోము వీధుల్లో తిరిగే అనాథ పిల్లలను డి సికా చూశారు. షూ షైన్ అన్న ఇంగ్లీషు మాట ఆ పిల్లల నోట షూషా అయింది. 1946లో ఆ పేరుతోనే సినిమా తీశారు. ఇద్దరు పిల్లలు ఒక తెల్ల గుర్రం కొనుక్కోవాలని పైసా పైసా కూడబెడతారు. దొంగ దుప్పట్ల వ్యవహారంలో ఇరుక్కుని బాలల జైలుకు పోతారు. అక్కడ పెద్దల కుటిలత్వం ఆ స్నేహాన్ని విరిచేస్తుంది. ఇటలీలో జనం చూడలేదు. యుద్ధం చూసి వచ్చినవాళ్ళకు మళ్ళీ తెరమీద అదే కష్టం ఎందుకనిపించి ఉంటుంది. అమెరికావారు మాత్రం 1948లో ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. విదేశీ చిత్రానికి ఆ సంస్థ అటువంటి గౌరవం ఇవ్వటం అదే మొదలు. ఇంట్లో నష్టం, బయట సన్మానం. డి సికా జీవితమంతా దాదాపు ఇదే వరస.

ఇక 'బైసికిల్ థీవ్స్'. లుయీజీ బర్తోలీని రాసిన నవల ఆధారంగా 1948లో తీసిన చిత్రమిది. కథ చెబితే నాలుగు ముక్కలు. రెండేళ్ళుగా పనిలేని ఆంతోనియోకు గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. సైకిలు ఉంటేనే ఉద్యోగం. సైకిలు తాకట్టులో ఉంది. భార్య ఇంట్లో దుప్పట్లు తీసి తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటి రోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. మర్నాడు ఆదివారం. తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో రోము నగరమంతా కాళ్ళరిగేలా వెతుకుతారు. చివరకు ఏ దారీ లేక తండ్రి తానే ఒక సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్ళ ముందే పట్టుబడతాడు. సైకిలు సొంతదారు దయతలచి వదిలేస్తాడు. జనంలో నడిచిపోతూ కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. అంతే. ఆ తాకట్టు కొట్టులో ఒక దృశ్యం ఉంది. వీళ్ళ దుప్పట్ల మూట తీసుకుని గుమాస్తా ఒకడు పైకి ఎక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు. కొండలాంటి అరలనిండా అటువంటి మూటలే. ఎన్ని ఇళ్ళలో దుప్పట్లు లేవో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీవారు గోడమీద తెర కట్టి ఈ సినిమా వేస్తే చూశాను. పక్కన కూర్చున్న మా సూపరింటెండెంటుగారు ఆ మూటల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకోవటం నాకు గుర్తు.

ఈ చిత్రానికి డబ్బు పెడతానని హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ముందుకు వచ్చాడు. షరతు ఒక్కటే, హీరోగా కేరీ గ్రాంట్ ఉండాలి. కేరీ గ్రాంట్ సైకిలు పోగొట్టుకుంటే ఇంకోటి కొనుక్కుంటాడు అని చూసేవాడికి తెలియదా? డి సికా ఆ డబ్బు వద్దన్నారు. తానూ మిత్రులూ కలిసి తంటాలుపడి పెట్టుబడి సమకూర్చారు. హీరోగా బ్రెదా ఫ్యాక్టరీలో పనిచేసే లంబెర్తో మజ్జొరానీ అనే కార్మికుణ్ణి తీసుకున్నారు. బ్రూనో వేషానికి కుర్రవాడు దొరకలేదు. షూటింగు మొదలయ్యాక, చూడటానికి గుమిగూడిన జనంలో ఎంజో స్తయోలా అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడు కనిపించాడు. ఏడ్చే దృశ్యం కోసం ఆ పిల్లవాడి జేబులో సిగరెట్టు పీకలు వేయించి, దొంగ అని అందరి ముందూ తిట్టి ఏడిపించారని చెప్పుకుంటారు. అది నిజమైతే డి సికావంటి మనిషి చేయదగ్గ పని కాదని నా అభిప్రాయం. పెద్ద దర్శకుడైనంత మాత్రాన చిన్న తప్పును కప్పిపుచ్చనక్కరలేదు.

మజ్జొరానీ సంగతి ఇంకా బాధాకరం. సినిమా ప్రపంచమంతా తిరిగింది. ఆయన మాత్రం ఫ్యాక్టరీకి తిరిగి వెళితే కొన్నాళ్ళకు పనిలోంచి తీసేశారు. సినిమాల్లో బాగా సంపాదించి ఉంటాడని అందరూ అనుకున్నారట. తర్వాత చిన్నా చితకా వేషాలతో కాలక్షేపం చేసి 1983లో కన్నుమూశాడు. పనిలేనివాడి వేషం వేసిన పుణ్యానికి నిజంగానే పనిలేనివాడయ్యాడు.

1950లో ఈ చిత్రానికీ ప్రత్యేక ఆస్కార్ వచ్చింది. 1952లో లండన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగు పెడితే, అంతవరకు వచ్చిన సినిమాలన్నిటిలోనూ దీనికే మొదటి స్థానం దక్కింది. మన దేశానికీ దీనికీ ఒక బంధుత్వం ఉంది. ప్రకటనల కంపెనీ ఉద్యోగం మీద 1950లో లండన్ వెళ్ళిన సత్యజిత్ రాయ్ అక్కడ ఈ చిత్రం చూసి, స్టూడియోలు, తారలు లేకుండా కూడా సినిమా తీయవచ్చునని నమ్మకం తెచ్చుకున్నారు. 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలీ' ఆ నమ్మకం ఫలితమే. 1952లో మన ప్రభుత్వం బొంబాయిలో మొదలుపెట్టి ఢిల్లీ, మద్రాసు, కలకత్తాలలో కూడా నడిపిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలో డి సికా చిత్రాలు చూపించారు. మరుసటేడు బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' వచ్చింది. 1954లో రాజ్‌కపూర్ సంస్థ తీసిన 'బూట్ పాలిష్' మన వయసువారు చాలామంది చూసే ఉంటారు. దాని అన్నగారు ఆ 'షూ షైనే'.

1951లో 'మిరకిల్ ఇన్ మిలన్' అనే చిత్రం తీశారు. ఊరి చివర గుడిసెల్లో ఉండే బీదవాళ్ళు చివరకు చీపుళ్ళ మీదెక్కి ఆకాశంలోకి ఎగిరిపోయే చిత్రమైన కథ. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. ఆ తర్వాత వచ్చిందే మన కథ, 'ఉంబెర్టో డి.'

సినిమా మొదలవటమే పెన్షనర్ల ఊరేగింపుతో మొదలవుతుంది. పెన్షను పెంచాలని అట్టముక్కలు పట్టుకుని ముసలివాళ్ళు రోము వీధుల్లో నడుస్తుంటారు. అనుమతి తీసుకోలేదని పోలీసులు జీపుల్లో వచ్చి చెదరగొడతారు. పెన్షను సర్కారువారి దయాధర్మం కాదని, చేసిన సేవకు హక్కుగా రావలసినదని మన సుప్రీం కోర్టు నకారాగారి కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పటానికి ముప్పై ఏళ్ళ ముందటి మాట ఇది. ఆ గుంపులోనే ఉంబెర్టో దొమెనికో ఫెరారీగారు ఉంటారు. నేనాయన్ను గారు అనే అంటాను. పబ్లిక్ వర్క్స్ మంత్రిత్వశాఖలో పనిచేసి రిటైరైనవారు, మన కేడరు మనిషి. పెన్షను నెలకు పద్దెనిమిది వేల లీరాలు. గది అద్దె పదివేలు. అంటే సగానికి పైగా అద్దెకే సరి. ఇంటావిడకు బాకీ పదిహేను వేలు. చేతి గడియారం అమ్మితే మూడు వేలు, పుస్తకాలు అమ్మితే రెండు వేలు వచ్చాయి. ఆ ఐదు వేలూ ఇవ్వబోతే ఇంటావిడ పుచ్చుకోదు. మొత్తం కట్టాలి, లేదా గది ఖాళీ చెయ్యాలి అంటుంది. ఆయన లేనప్పుడు ఆ గదినే గంటల లెక్కన వేరేవాళ్ళకు అద్దెకిచ్చే మనిషి ఆవిడ. ఆయనకు తోడు ఇద్దరే. ఫ్లైక్ అనే చిన్న కుక్క, ఆ ఇంట్లో పనిచేసే మరియా అనే పిల్ల. ఆ పిల్లకు పెళ్ళి కాకుండానే గర్భం. ఇద్దరు సిపాయిల్లో ఎవరు కారణమో దానికే తెలియదు. ఆమె కష్టం ఆమెది, ఈయన కష్టం ఈయనది. అయినా ఆ ఇంట్లో ఒకరినొకరు మనిషిలా పలకరించుకునేది వీళ్ళిద్దరే.

జ్వరం వస్తే, నాలుగు రోజులు తిండి ఖర్చు కలిసివస్తుందని ఆయన ఆసుపత్రిలో చేరతారు. తిరిగి వచ్చేసరికి ఇంటావిడ తలుపు తెరిచి వదిలేయటంతో కుక్క పోయింది. మున్సిపాలిటీవారు వీధికుక్కలను పట్టి చంపే చోట వెతుక్కుని తెచ్చుకుంటారు. గదికి వస్తే ఇంటావిడ పెళ్ళి సన్నాహాల కోసం గోడకు పెద్ద కంత కొట్టి ఉంటుంది. అప్పుడు వస్తుంది ఆ దృశ్యం. పాంథియాన్ అనే ప్రాచీన దేవాలయం స్తంభాల దగ్గర నిలబడి ఆయన మొదటిసారి చెయ్యి చాపుతారు. ఒక దారినపోయేవాడు ఆగి, జేబులో చెయ్యి పెడతాడు. డబ్బు చేతిలో పడేలోపల, వాన పడుతుందేమో చూస్తున్నట్టు ఆయన అరచెయ్యి బోర్లా తిప్పేస్తారు. తర్వాత కుక్కకు టోపీ ఇచ్చి రెండు కాళ్ళ మీద నిలబెట్టి, తాను స్తంభం చాటున దాక్కుంటారు. సరిగ్గా అప్పుడే పూర్వపు పరిచయస్థుడైన పెద్ద అధికారి అటు వచ్చి కుక్కను గుర్తుపడతాడు. కుక్క ఆడుకుంటోందండీ అన్నట్టుగా ఈయన బయటికి వచ్చి సర్దుకుంటారు.

నేను సర్వీసులో పదకొండేళ్ళు పెన్షన్ల సీటు చూశాను. ఒక రిటైర్డు ఉపాధ్యాయులవారు తన అరియర్సు కోసం నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ఇటుగా వెళుతూ ఊరికే పలకరిద్దామని వచ్చానని కూర్చుని, ఎండల సంగతీ పిల్లల చదువుల సంగతీ మాట్లాడి లేచి వెళ్ళిపోయేవారు. అరియర్సు మాట ఆయన నోట రాలేదు. నేనే ఫైలు తీసి చూసి, బిల్లు పాసయిన రోజు కబురు పంపాను. ఈమధ్య మా మనవడు కంప్యూటరులో 'ఉంబెర్టో డి.' పెట్టి చూపించినప్పుడు, ఆ బోర్లా తిప్పిన అరచెయ్యి దగ్గర నాకు ఆ మాస్టారే కనబడ్డారు. ఎక్కడి రోము, ఎక్కడి మన జిల్లా ఆఫీసు!

ఈ వేషం వేసినవారు నటులు కారు. కార్లో బత్తిస్తీ అనే ఆచార్యులవారు. ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించారు. ఇటాలియన్ పదాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఐదు సంపుటాల నిఘంటువును మరొక పండితునితో కలిసి కూర్చిన మనిషి. అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్ళు. డి సికా ఆయన్ను వీధిలో చూసి పట్టుకున్నారు. ఆయన ముఖంలో ఎక్కడా జాలి గొలిపే యత్నం ఉండదు. కాస్త చిరాకు, కాస్త పట్టుదల, మర్యాదలో ఎక్కడా తగ్గకపోవటం. ఉంబెర్టోగారు అంత మంచివారేమీ కారు సుమండీ. సణుగుతారు, విసుక్కుంటారు, తన గొడవలో పడి మరియా గోడు సగమే వింటారు. ఆ సంగతి దాచకపోవటమే డి సికా గొప్పతనం. ముసలివాళ్ళను దేవుళ్ళను చేసి చూపే సినిమాలు మనకు చాలా ఉన్నాయి. ముసలివాళ్ళను మనుషులుగా చూపినవి ఎన్ని?

చివరకు కుక్కను ఎవరికైనా అప్పగిద్దామని చూస్తారు, కుదరదు. దాన్ని ఎత్తుకుని రైలుకు అడ్డం వెళ్ళబోతారు. కుక్క భయంతో కీచుమని విదిలించుకుని పారిపోతుంది. దాని వెనక ఆయనా వెనక్కు వస్తారు. ఇక ఆయన దగ్గరికి రావటానికి అది ఒప్పుకోదు. పార్కులో ఒక పైన్ కాయ చూపించి, ఆడించి, బతిమాలి, మళ్ళీ మచ్చిక చేసుకుంటారు. ఇద్దరూ ఆడుకుంటూ చెట్ల మధ్య దూరమైపోతారు. బాకీ తీరలేదు, గది దొరకలేదు, పెన్షను పెరగలేదు. సినిమా అయిపోతుంది.

ఈ చిత్రం మొదట్లో ఒక అంకిత వాక్యం కనబడుతుంది. డి సికా దీన్ని తన తండ్రికి అంకితం ఇచ్చారు. బ్యాంకు గుమాస్తా ఉంబెర్టోగారి పేరే రిటైర్డు గుమాస్తా ఉంబెర్టోగారికి పెట్టారన్నమాట. తన చిత్రాలన్నిటిలోనూ ఇదే తనకు ఇష్టమని ఆయన చెప్పేవారు.

జనం చూడలేదు. అంతకంటే పెద్ద దెబ్బ ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. అప్పట్లో ప్రధానమంత్రి కార్యాలయంలో సినిమా వ్యవహారాలు చూసే ఉపమంత్రి జూలియో ఆంద్రెయొత్తి, వయసు 33 ఏళ్ళు, 1952 ఫిబ్రవరిలో ఒక వారపత్రికలో డి సికాకు బహిరంగ లేఖ రాశాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటి ఇటలీ అంటే ఇదేనని లోకం అనుకుంటే ఆ దోషం మీదే అవుతుందని, దేశానికి మీరు చేసింది మంచి సేవ కాదని, కాస్త ఆశావహంగా తీయమని దాని సారాంశం. అది వట్టి సలహా కాదు. సినిమాలకు ప్రభుత్వ సహాయమూ, విదేశాలకు పంపే అనుమతీ 1949 చట్టం ప్రకారం ఆయన శాఖ చేతిలోనే ఉన్నాయి. మన దగ్గర 1980 ప్రాంతంలో నటి నర్గీస్ రాజ్యసభ సభ్యురాలిగా ఉంటూ సత్యజిత్ రాయ్‌ని ఇదే తరహాలో విమర్శించారు, దేశపు పేదరికాన్ని బయట చూపించి పేరు తెచ్చుకుంటున్నారని. ఆంద్రెయొత్తిగారి వాదనలో దేశాభిమానం ఉంది, కాదనను. కాని పద్దెనిమిది వేలల్లో పదివేలు అద్దె పోతే మిగిలిన ఎనిమిది వేలతో నెల ఎలా గడుస్తుందో ఆ లేఖలో లెక్క లేదు. పెన్షనరుకు కావలసింది ఆ లెక్క. ఆంద్రెయొత్తి తర్వాత ఏడుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు.

ఆ తర్వాత అటువంటి చిత్రాలకు డబ్బు పుట్టటం కష్టమైంది. 1956లో ఇల్లు లేని కొత్త దంపతుల మీద 'ది రూఫ్' అనే చిత్రం తీశారు గాని, మునుపటి ఊపు లేదు. తన చిత్రాల కోసమూ, తన అప్పుల కోసమూ ఇతరుల సినిమాల్లో వేషాలు వేయటం మొదలుపెట్టారు. అప్పులు అంటే దాచవలసిందేమీ లేదు, ఆయనకు జూదం వ్యసనం. సంపాదించినదంతా మాంటే కార్లో వంటి చోట్ల బల్లల మీద పోసేవారు. పైకి మహారాజులా తెల్లని జుట్టు, ఖరీదైన సూట్లు. ఏ వేషం ఇచ్చినా కాదనలేని పరిస్థితి. మొత్తం మీద నూటయాభైకి పైగా చిత్రాల్లో నటించారు. 1953 నాటి 'బ్రెడ్, లవ్ అండ్ డ్రీమ్స్'లో పల్లెటూరి పోలీసు అధికారిగా దేశమంతటినీ నవ్వించారు. 1959లో రొసెల్లీని తీసిన 'జనరల్ దెల్లా రొవెరే'లో మోసగాడై ఉండి చివరకు దేశభక్తుడిగా చనిపోయే వేషం ఆయన నటనకు శిఖరం. 1954లో తానే తీసిన 'గోల్డ్ ఆఫ్ నేపుల్స్'లో పేకాట పిచ్చి పట్టిన ఒక జమీందారు వేషం వేశారు. భార్య డబ్బివ్వదు, వాచ్‌మన్ కొడుకుతో, ఎనిమిదేళ్ళవాడితో, పేకాడి వాడి చేతిలోనూ ఓడిపోతాడు. తనను తానే అంతలా వెక్కిరించుకోవటానికి ధైర్యం కావాలి.

సంసారం సంగతీ చిక్కే. 1942 ప్రాంతంలో స్పెయిన్ దేశపు నటి మరియా మెర్కాదేర్‌తో స్నేహం ఏర్పడింది. మాన్యుయల్, క్రిస్టియన్ అని ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇటలీలో 1970 దాకా విడాకుల చట్టం లేదు. రెండిళ్ళూ నడిపారు. కొత్త సంవత్సరం నాడు ఒక ఇంట్లో గడియారం రెండు గంటలు వెనక్కి తిప్పి, రెండు చోట్లా అర్ధరాత్రికి హాజరయ్యేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. నవ్వు వస్తుంది గాని, రెండు గుమ్మాల్లో ఎదురుచూసినవాళ్ళకు అది నవ్వులాట అయి ఉండదు. చివరకు ఫ్రాన్సు పౌరసత్వం తీసుకుని 1968లో పారిస్‌లో మరియాను పెళ్ళి చేసుకున్నారు.

సోఫియా లోరెన్‌కు ఆయన గురువువంటివారు. యుద్ధకాలంలో కూతురిని కాపాడుకోలేకపోయిన తల్లి కథ 'టూ విమెన్' 1960లో వచ్చింది. అందులో నటనకు ఆమెకు ఆస్కార్ లభించింది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఆ బహుమతి పొందినవారిలో ఆమే ప్రథమురాలు. 1963 నాటి 'యెస్టర్‌డే, టుడే అండ్ టుమారో'కు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. వీటి మధ్య సాదా సీదా చిత్రాలు చాలా ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. ఆయన పని అయిపోయిందని విమర్శకులు అనుకుంటున్న సమయంలో 1970లో 'ది గార్డెన్ ఆఫ్ ది ఫింజీ కొంతీనిస్' తీశారు. ఫాసిస్టు చట్టాల కాలంలో ఫెర్రారా నగరంలోని ఒక సంపన్న యూదు కుటుంబం, తమ తోట గోడల మధ్య ఏమీ జరగదనుకుంటూనే, చివరకు పోలీసులకు చిక్కటం కథ. బెర్లిన్‌లో స్వర్ణ భల్లూకం, తర్వాత నాలుగో ఆస్కార్. సెయింట్ పాల్ బసిలికాలో యూదులకు నీడనిచ్చిన ఆ మనిషికి ఈ కథ పరాయిది కాదు.

ఆఖరి చిత్రం 'ది వాయేజ్' 1974లో విడుదలైంది. అదే సంవత్సరం నవంబరు 13న పారిస్ శివార్లలోని నొయీ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల శస్త్రచికిత్స తర్వాత 73వ ఏట కన్నుమూశారు. రోములోని వెరానో శ్మశానంలో సమాధి ఉంది. ఆచార్య బత్తిస్తీ ఆయన పోయాక రెండేళ్ళకు పైగా బతికి 1977లో, 94 ఏళ్ళ వయసులో పోయారు. ఆంద్రెయొత్తి 2013లో పోయాడు. సైకిలు కోసం తండ్రి వెంట రోమంతా తిరిగిన బ్రూనో, అదే ఎంజో స్తయోలా, సినిమాలు మానేసి లెక్కల మాస్టారయ్యాడు, తర్వాత భూముల రికార్డుల ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. 2025 జూన్‌లో 85వ ఏట మరణించాడు. మన సంఘంలోని సర్వే, సెటిల్‌మెంటు శాఖల మిత్రులు ఈ సినిమా దొరికితే మనవలతో కలిసి చూడండి. తండ్రి చెయ్యి పట్టుకున్న ఆ కుర్రవాడు మీ శాఖవాడే.